గ్లౌజులతో జులై

ఐదో కీమోకీ ఆరో కీమోకీ మధ్య
పద్నాలుగు రోజులుండాలి.
డాక్టర్ ఔష్రా క్యాలెండర్ వంక చాలాసేపు చూసి
ఇరవై ఒకటి చేసింది.
వెళ్ళి రండి, సముద్రం ఎక్కడికీ పోదు గానీ
వేసవి పోతుంది, అంది
తలెత్తకుండా సంతకం పెడుతూ.

అలా వచ్చాం నిదాకి.
ఏటా అద్దెకు తీసుకునే అదే చెక్క ఇల్లు,
నీలం కిటికీ రెక్కలు,
మూడో మెట్టు ఇంకా కిర్రుమంటూనే ఉంది.
అటు బాల్టిక్, ఇటు లగూన్,
నడుమ దారప్పోగంత ఇసుక నేల.

ఈ మందు జుట్టు జోలికి రాదు.
చలిని తెచ్చి ఒంట్లో కూర్చోబెడుతుంది.
ఫ్రిజ్ పిడి, కుళాయి నీళ్ళు, అన్నం తినే చెంచా
దేన్ని ముట్టుకున్నా వేళ్ళ నిండా గుండుసూదులే.
గాలి చల్లగా మింగితే
గొంతుకి తాళం పడుతుంది.
అందుకే జులైలో ఉన్ని గ్లౌజులు,
అత్తగారు అల్లినవి,
ఎడమ బొటనవేలు కాస్త పొడుగు.

ఐస్‌క్రీం బండి కుర్రాడు అడిగాడు:
ఇది కొత్త ఫ్యాషనా అండీ?
అవును, విల్నియస్‌లో ఇప్పుడందరూ ఇంతే, అన్నాను.
రిమాంటస్ నవ్వు ఆపుకోలేక
తన కోను ఇసుకలో పడేసుకున్నాడు.
మార్చి తర్వాత అతను నవ్వడం ఇదే.
నేను లెక్కపెడుతున్నానని తెలియదు పాపం.

పన్నెండేళ్ళ యోకూబాస్ నాతో ఎక్కువ మాట్లాడడు.
నేనే గదిలోకి వెళ్తే ఆ గదిలోకి
నాకంటే ముందే వెళ్ళి కిటికీలు మూస్తాడు.
"గాలి," అంటాడు.
అంతే.

ఉగ్నేకి ఆరేళ్ళు.
మా భాషలో ఆ పేరుకి నిప్పు అని అర్థం.
అలల అంచున గులకరాళ్ళు ఏరి
ఒక్కోదాన్నీ చంకలో పెట్టుకుని
నూరు దాకా లెక్కపెడుతుంది, డెబ్భైలు ఎగరగొట్టి.
అప్పుడు నా అరచేతిలో పెట్టి
"ఇప్పుడు కుట్టదమ్మా," అంటుంది.
ఒకటి తేనెరంగులో మెరిసింది.
అంబర్! అని కేక పెట్టింది.
బీరుసీసా పెంకు, సముద్రం అరగదీసింది.
ప్రతి తప్పూ దిద్దే యోకూబాస్
దాన్ని ఎండకేసి పట్టి చూసి
అంబరే, అన్నాడు.

గురువారం అత్తగారు చల్లటి బీట్‌రూట్ చారు చేసింది.
వేసవంటే మాకు ఆ గులాబీ రంగే:
పుల్లటి మజ్జిగ, దోసముక్కలు, సోయకూర,
పక్కన పొగలు కక్కే బంగాళాదుంపలు.
వరసగా గిన్నెలు నింపుతూ వచ్చి
నా గిన్నె దగ్గర ఆగిపోయింది.
డెబ్భై నాలుగేళ్ళ లియోకాదియా,
వంటింట్లో దేవుడి మాటైనా వినని మనిషి,
నింపిన గిన్నెలన్నీ కుండలోకి ఒంపేసి
పొయ్యి వెలిగించింది.
ఆ చారు వేడి చేయడం!
వాళ్ళమ్మకి తెలిస్తే సమాధిలోంచి లేచొచ్చేది.

విరిగిపోయింది.
గులాబీ నీళ్ళలో తెల్లటి ముక్కలు తేలాయి.
ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది,
ఇన్ని నెలల్లో ఆసుపత్రి వరండాలో కూడా
ఆ ముఖం నేను చూడలేదు.
యోకూబాస్ గిన్నె చాపాడు.
తర్వాత ఉగ్నే.
అందరం తిన్నాం.
అస్సలు బాగాలేదు.
రెండోసారి కూడా వడ్డించుకున్నాం.

ఆదివారం ఇంటావిడ నోట్‌బుక్ తెచ్చింది.
వచ్చే ఏడు కూడా ఇదే వారం రాసుకోనా?
రిమాంటస్ నావైపు చూశాడు.
నేను మూడో మెట్టువైపు చూశాను.
రాసుకో, అంది అత్తగారు,
పర్సు తీసి అడ్వాన్సు లెక్కపెట్టి ఇచ్చింది,
ఆ డబ్బు ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగివ్వరని తెలిసే.

తిరుగు ప్రయాణం ఫెర్రీ మీద.
కారు అద్దాలన్నీ బిగించి
నడి జులైలో హీటర్ పెట్టుకుని
నా ఒక్కదాని కోసం
నలుగురు చెమటలు కక్కుతూ కూర్చున్నారు.
బయట డెక్ మీద జనం
మమ్మల్ని వింతగా చూస్తున్నారు.
ఉగ్నే చంకలో ఇంకో రాయి ఉంది.
అరవై తొమ్మిది, అంటోంది,
ఎనభై.